థ్యాంక్స్‌గివింగ్ టర్కీ మిగిలిపోతే: మళ్లీ ఉడికించకండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ: గురువారం అమెరికన్ల థ్యాంక్స్‌గివింగ్ పండక్కి ఆరుగురికి 16 పౌండ్ల టర్కీ కోడి కాల్చారు, సగానికి పైనే మిగిలింది. శుక్రవారం కూర వండితే ముక్క పీచుపీచుగా వచ్చింది, ఎవరూ ముట్టలేదు. మిగతాది ఏం చేయాలి, ఎన్నాళ్లు ఉంటుంది అని అడిగారు.

మేం డాలస్ దగ్గర పదకొండేళ్లుగా ఉంటున్నాం. మొదటి ఏడాది నేనూ ఇదే పని చేశాను, ఇంకా ఘనంగా. మిగిలిన ముక్కల్ని పెరుగులో, అల్లం వెల్లుల్లిలో రాత్రంతా నానబెట్టి దమ్ బిర్యానీ వేశాను. మూత తీస్తే వాసన అదిరింది. తింటే నానిన దూది నమిలినట్టుంది. వీడియో కాల్‌లో చూపిస్తే మా అమ్మ, "కాలిన కోడిని మళ్లీ వండటమేంటే?" అంది. అసలు విషయం అదే. మూడున్నర గంటలు ఓవెన్లో కాలిన మాంసానికి పచ్చి కోడికి చేసే మర్యాదలు చేస్తే అది మసాలా పీల్చుకోదు, ఉన్న కాస్త తడి కూడా వదిలేస్తుంది.

కాబట్టి మసాలా ముందు పూర్తిగా వేయించుకుని నూనె తేలాక, ముక్క చివర్లో వేయండి. లోపలిదాకా వేడెక్కగానే దించేయండి. ఎంత వేడి అంటే, అమెరికా వ్యవసాయ శాఖ లెక్క ప్రకారం 165 డిగ్రీల ఫారెన్‌హీట్. కాల్చేటప్పుడు గుచ్చిన థర్మామీటరే మళ్లీ గుచ్చి చూడండి.

ఎన్నాళ్లు అన్నదానికి జవాబు కూడా వాళ్లదే: ఫ్రిజ్‌లో 3 నుంచి 4 రోజులు. గురువారం వండింది సోమవారం దాటకూడదు. అదీ టేబుల్ మీద రెండు గంటలకు మించి ఉంచకపోతేనే. మనవాళ్ల కబుర్లు రెండు గంటల్లో తేలవని తెలుసు, అందుకే నేను అందరూ చివర్లో తీపి పై (pie) తింటుండగానే కిచెన్లోకి వెళ్లి కోసేస్తాను. కోడిని మొత్తంగా ఫ్రిజ్‌లో తోసేస్తే లోపల చల్లబడటానికి చాలాసేపు పడుతుంది. ఎముక నుంచి విడదీసి, వెడల్పాటి డబ్బాల్లో పలచగా సర్దాలి.

అలా విడదీసేటప్పుడే తెల్ల మాంసం, నల్ల మాంసం వేరు చేయండి. ఈ రెండూ ఒకే కోడివే కదా అని ఒకేలా వండితే దెబ్బతింటారు. రొమ్ము ముక్కలో కొవ్వు తక్కువ, అందుకే ఊరికే ఎండిపోతుంది. కాలు, తొడ కాస్త ఎక్కువసేపు వేడినైనా తట్టుకుంటాయి. మీ కూర పాడైంది బహుశా రొమ్ము ముక్కలతోనే.

రొమ్ము ముక్కల్ని మేం పకోడీ చేస్తాం. సన్నగా తరిగి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు, శనగపిండి, గుప్పెడు బియ్యప్పిండి, అర చెంచా వాము. వాము మర్చిపోవద్దు. టర్కీకి పట్టించే థైమ్ ఆకు వాసన మన గరం మసాలాతో గొడవ పడుతుంది, వాముతో మాత్రం కలిసిపోతుంది. రెండింటి ఘాటుకీ కారణం థైమాల్ అనే ఒకే పదార్థం. ఉప్పు మాత్రం సగానికి తగ్గించండి, ముఖ్యంగా కోడిని ఉప్పునీళ్లలో ఊరబెట్టి కాల్చి ఉంటే. పిండి పూత లోపల ముక్కకి ఎండిపోయే టైమే ఉండదు. మా పిల్లలు గురువారం ప్లేట్లో పక్కకి నెట్టిన టర్కీనే శనివారం ఇలా పోట్లాడుకుని తింటారు.

తొడ మాంసం చేత్తో చీల్చి, గుడ్డు పొరటు చేసినట్టు ఉల్లిపాయల్లో మిరియాల పొడి వేసి తిప్పేస్తే చపాతీలోకి బాగుంటుంది. దీని గురించి ఇంతకన్నా చెప్పడానికేం లేదు.

నన్నడిగితే ఈ కోడిలో అసలు సరుకు ఎముకలే. మా పక్కింటి అమెరికన్ పెద్దావిడ చెప్పేదాకా నేనూ చెత్తబుట్టలో వేసేదాన్ని. ఎముకల గూడుని విరిచి కుక్కర్లో వేసి, మునిగేదాకా నీళ్లు, ఒక ఉల్లిపాయ, అల్లం ముక్క, పది మిరియాలు వేసి సన్న సెగ మీద ముప్పావు గంట. ఉప్పు వేయకండి, ఎముకలకి అంటుకున్నదే సరిపోతుంది. వడకట్టి, చిన్న గిన్నెల్లో పోసి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి. పొద్దున చూస్తే పైన తెల్లగా కొవ్వు పేరుకుని, కింద జున్నులా తొణకకుండా ఉంటుంది. గిన్నె కదిపితే అలా వణుకుతుంది. ఆ జిగురే రుచి.

దాంతో రెండు పనులు. ఒకటి, నీళ్ల బదులు అది పోసి పులావ్ వండి, అన్నం పూర్తయ్యే ముందు తొడ ముక్కలు పైన పరిచి మూత పెట్టడం. నా బిర్యానీ కష్టాలు దీంతో తీరాయి. రెండు, చారు. కాస్త చింతపండు, దంచిన మిరియాలు, జీలకర్ర, వెల్లుల్లి వేసి మరిగించి తాలింపు పెడితే చాలు. మా అత్తగారు వరంగల్ మనిషి, ఆవిడ దాన్ని బొక్కల చారు అంటారు, మా వైపు బొమికల చారు. పేరు మీద ప్రతి ఏడూ వాదన జరుగుతుంది, గిన్నె మాత్రం ఖాళీ అవుతుంది.

సోమవారంలోపు తినలేమనుకుంటే ముక్కల మీద ఆ ఎముకల రసమే కాస్త పోసి ఫ్రీజర్లో పెట్టండి, ఎండిపోదు. రెండు మూడు నెలల్లో వాడేస్తే రుచి బాగుంటుంది.

చికెన్ పచ్చడిలా నిల్వ పచ్చడి పెట్టాలనే ఆలోచన వస్తే మానుకోండి. నేను పెట్టాను. వెన్న రాసి కాల్చిన ముక్క కదా, వారం తిరక్కుండా సీసా మూత తీస్తే ముక్కిపోయిన వాసన. నువ్వుల నూనె అంతా దండగ. టర్కీతో తినగా మిగిలిన క్రాన్‌బెర్రీ సాస్‌కి (పుల్లటి ఎర్ర పండ్లది) మాత్రం ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ తాలింపు పెట్టి చూడండి, పెసరట్టులోకి అల్లం పచ్చడి ఎవరికీ గుర్తు రాదు.

ఈరోజు శనివారమే కాబట్టి మీకింకా టైముంది. ఫ్రిజ్‌లో పెట్టిన ఎముకలు ఉంటే ఈ రాత్రే కుక్కర్లో వేయండి. గురువారమే పారేసి ఉంటే మీ పక్కింటివాళ్లని అడగండి. నేను ఒక ఏడు మా పెద్దావిడనే అడిగాను, నవ్వుతూ కవర్లో కట్టి ఇచ్చింది, మర్నాడు చారు తీసుకెళ్లి ఇస్తే రెండు గ్లాసులు తాగింది.