వంకర బుట్ట గురించి మేనకోడలికి

చి. ల. సౌ. మేనకోడలికి,

అత్తయ్య ఆశీర్వదించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఈ రెండు మాటలు మా నాన్న నేర్పిన పద్ధతి. మిగిలినదంతా నా ఇష్టం వచ్చినట్టు రాస్తాను.

మిగులు గుడ్డముక్కలతో నువ్వు కుట్టిన బుట్ట ఫొటోను కళ్లజోడు పెట్టుకుని, పెద్దది చేసి మరీ చూశాను. బుట్ట ఎడమ పక్కకు ఒరిగింది. మూతి వేయించిన అప్పడంలా అలలు తేలింది. "లోపల గట్టిదనానికి వేసిన కాన్వాసు సరిపోలేదేమో, ఇంకో పొర వేయనా అత్తయ్యా?" అని అడిగావు. వద్దు. ఇంకో పొర వేస్తే అదే వంకర బుట్ట ఇంకాస్త బరువెక్కుతుంది. పొరపాటు నువ్వు ఎంచిన ముక్కల దగ్గరే జరిగింది. ఎరుపు పక్కన పసుపు, పసుపు పక్కన చిలకాకుపచ్చ ముచ్చటగా పేర్చావు గానీ పోగు ఎటు పోతోందో చూసుకోలేదు.

పాలకొల్లులో నీ మిషను కింద రాలే ముక్కలు ఎలాంటివి? జాకెట్లు కుట్టగా మిగిలినవి. మెడ దగ్గర, చంక దగ్గర తీసేసిన వంపు ముక్కలు, క్రాసు కటింగులో, అంటే గుడ్డను ఏటవాలుగా కోసినప్పుడు, మూలలకు మిగిలిన ముక్కోణాలు. వాటిలో ఏదో ఒక అంచు ఏటవాలుగా తెగి ఉంటుంది. ఏటవాలు అంచు సాగుతుంది. జాకెట్టు ఒంటికి అతికినట్టు కూర్చోవడానికి ఆ సాగుడే ఆధారం. బుట్ట నిలబడడానికి మాత్రం అది పనికిరాదు.

మాకు నేతగాళ్ల ఊరు బండారులంక దగ్గర కాబట్టి చిన్నప్పుడు వీధి పొడవునా పడుగు, అంటే గుడ్డకు నిలువు పోగులు, చాచి గంజి పట్టించడం చూసేదాన్ని. దాటబోతే కేకలు వేసేవారు. అలా గంజి పెట్టి, మగ్గం మీద బిగలాగి నేస్తారు కనుక పడుగు సాగదు. అడ్డంగా వచ్చే పేక కొంచెం లొంగుతుంది. మూల నుంచి మూలకు లాగితే రెండు పోగులూ జరిగి గుడ్డ చేతిలో సాగిపోతుంది. ప్రతి ముక్కనూ రెండు చేతులతో పట్టుకుని నిలువుగా, అడ్డంగా, మూలగా లాగి చూడు. బిగిసి నిలిచే దిక్కు పడుగు. దాని మీద సుద్దతో చిన్న గీత గీయి. ముక్కలు కలిపేటప్పుడు ఆ గీతలన్నీ బుట్ట ఎత్తు వైపుకే ఉండాలి. ఇది ఒక్కటి పాటిస్తే గోడలు వాటంతట అవే నిలుస్తాయి.

క్రాసు ముక్కలు పారేయమనడం లేదు. నాకూ మనసొప్పదు. వాటికి కింద ఒక ఆధారం కావాలి, మీ మామయ్య పాత పంచె లాంటిది. 1996 నవంబరు 6 తుపాను రాత్రి మన పెంకుటిల్లు సగం ఎగిరిపోయింది. ట్రంకు పెట్టెల్లోకి నీళ్లు దిగి చీరల రంగులన్నీ ఒకదానికొకటి అంటుకున్నాయి. మీ నాయనమ్మ వాటిని ఎండబెట్టి, చింపి, ముక్కలుగా పంచెల మీద పరిచి బొంతలు కుట్టింది. ఒక ముక్క వంకర, ఒకటి సాగినది, ఒకటి చివికినది. అయినా ఆ బొంత నా మంచం మీద ఇప్పటికీ ఉంది. బరువంతా కింది పంచె మోస్తోంది, పై ముక్కలు దాన్ని అంటిపెట్టుకుని ఉన్నాయి. నువ్వూ అలాగే చేయి. పంచె గుడ్డను కొలతకు కోసి, నడిమధ్య ఒక ముక్క పరిచి, దాని మీద రెండో ముక్కను బోర్లా వేసి ఒక అంచు కుట్టు. తిప్పి ఇస్త్రీ చేయి. దాని పక్కన మూడోది. పంచె నిండేదాకా అంతే. పంచె పడుగు మాత్రం నిలువునే ఉండాలి.

ఇక గుడ్డల రకం. నీ బుట్ట ఎడమ పక్కే ఎందుకు ఒరిగిందో తెలుసా? ఫొటోలో ఆ వైపు పల్చటి ముక్కలు నాలుగైదు ఉన్నాయి. జార్జెట్టో క్రేపో అయి ఉంటుంది. కుడి పక్కనంతా మందపాటి నూలు. ఎద్దునూ మేకనూ ఒక కాడికి కట్టినట్టుంది. అనుమానం వస్తే ఒక పోగు లాగి అగ్గిపుల్ల చూపించు. నూలైతే కాగితం కాలిన వాసనతో బూడిదవుతుంది. పట్టైతే వెంట్రుక కాలిన కంపు కొడుతుంది. పాలిస్టరైతే కరిగి గట్టి పూసలా ముడుచుకుంటుంది. మొదటి బుట్టలు నూలుతోనే కుట్టు. పట్టు ముక్కలు దాచి ఉంచు, పోగులు ఊడతాయి కనుక పంచె ఆధారం లేకుండా వాడకు. జారిపోయే రకాలన్నీ దిండులో కూరెయ్యి.

కొత్త ముక్కలను ఒకసారి ఉతికి, ఆరబెట్టి, అప్పుడు కోయాలి. కుంచించుకునేది ముందే కుంచించుకుంటుంది. ముదురు ఎరుపునూ నీలాన్నీ తడిపి తెల్లగుడ్డ మీద అదిమి చూడు. మరక పడితే ఆ ముక్క మరో రెండు నీళ్లు చూడాలి.

ఇప్పుడు కొలతలు. అడుగు భాగం ఎనిమిది అంగుళాల చదరంగా, ఎత్తు ఏడున్నర అంగుళాలుగా ఉండే బుట్ట చెబుతాను. మూడంగుళాల చదరాలు 70 కోయి. వరుసకు ఏడు చొప్పున ఐదు వరుసలు, అలాంటివి రెండు పలకలు. పావు అంగుళం కుట్టు తీస్తే ఒక్కో పలక 18 అంగుళాలకు 13 వస్తుంది. ఒక వరుస కుట్టులను ఇస్త్రీతో కుడివైపుకు, తర్వాతి వరుసవి ఎడమవైపుకు పడుకోబెడితే కలిసే చోట గుబ్బ రాదు. పలక కింద పాత జీన్సు గుడ్డ పరిచి, రెండేసి అంగుళాల దూరంలో నిలువు కుట్లు వేయి. అలా వేస్తే పలక కొంచెం ముడుచుకుంటుంది. అందుకే కొలత ఎక్కువ తీసుకున్నాం. తర్వాత 17కు 12గా సరిచేసి, కింది రెండు మూలల్లో నాలుగు అంగుళాల చదరం కోసి తీసేయి. రెండు పలకలనూ పక్కలా అడుగునా అర అంగుళంతో కలిపి, మూల నోటిని తెరిచి, పక్క కుట్టు అడుగు కుట్టు మీదకు వచ్చేలా పట్టి అడ్డంగా కుట్టు. నాలుగు అంగుళాలు కోస్తే ఎనిమిది అంగుళాల అడుగు వస్తుంది. ఎంత అడుగు కావాలో అందులో సగం కోయాలన్నమాట.

జీన్సు ఎందుకు అంటావు. దుకాణం కాన్వాసులో గంజి ఉంటుంది. ఒక ఉతుకు పడ్డాక, మన ముసురులో రెండు నెలలు గడిచాక మెత్తబడి జావలా అవుతుంది. కొందరు ఎరువుల సంచి పెడతారు. అది నిటారుగా నిలబడే మాట నిజమే, కానీ ఇస్త్రీ తగిలితే కథ ముగిసినట్టే. ఆ ప్లాస్టిక్ 160 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, నూలు ఇస్త్రీ వేడి అంతకన్నా ఎక్కువ. నేనూ ఒకసారి ఇస్త్రీపెట్టె పాడుచేసుకున్నాను. గోనెగుడ్డ జోలికి అసలు పోకు, తడి పీల్చుకుని వాసన కొడుతుంది.

మూలల దగ్గర జీన్సు పొరలు కలిసి మిషను మొరాయిస్తుంది. 16 నంబరు సూది వేసుకో, ఇంకా మందమైతే 18. కాలు ఆపి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ ఒక్కొక్క కుట్టే వేయి. కుట్టే ముందు ఆ మడతను అరుగు మీద పెట్టి పచ్చడి బండతో నాలుగు దెబ్బలు కొడితే అణుగుతుంది. నవ్వకు, పనిచేస్తుంది. కుట్టు పడ్డాక లోపలి జీన్సు పొరను మాత్రం దారం దగ్గరదాకా కత్తిరించేయి.

బుట్ట లోపల వేసే అస్తరు కూడా 17కు 12 కొలతే. కానీ కుట్టు అర అంగుళం కన్నా ఒక నూలు లోపలికి తీయాలి, లేకపోతే లోపల వదులై ముడతలు పడుతుంది. నూలు అంటే మన వడ్రంగులు చెప్పే అంగుళంలో ఎనిమిదో వంతు. మూతి దగ్గరకు వచ్చేసరికి మళ్లీ అర అంగుళానికి వచ్చేయాలి.

మూతి అలల సంగతి చివరికి మిగిల్చాను. నువ్వు అక్కడ క్రాసు పట్టీ వేశావు, అవునా? చేయి అలవాటుగా వేసేసి ఉంటుంది. జాకెట్టు మెడ వంపు కనుక క్రాసు పట్టీ కావాలి. బుట్ట మూతికి వంపు ఎక్కడుంది? తిన్నని చోట క్రాసు పట్టీ వేస్తే మిషను పాదం కింద సాగుతుంది, దాంతో మూతి కూడా సాగుతుంది. పాత చీర అంచును రెండు అంగుళాల వెడల్పున, 34 అంగుళాల పొడవున చింపు. చిరిగిన వైపు లోపలి మూతికి కుట్టి, బయటకు మడిచి, నేత అంచు వైపు పైనుంచి కుట్టేయి. నేత అంచు పోగులు ఊడవు కనుక ఇంకో మడత అక్కరలేదు. మడవబోయే ముందే చెరో పక్క పది అంగుళాల పిడి పెట్టు. పిడి మొదలు దగ్గర చదరం కుట్టి, లోపల ఇంటూ గుర్తు వేయి. అడుగున, పాత ప్లాస్టిక్ ఫైలు అట్టను ఏడున్నర అంగుళాలకు కోసి ఊరికే పెట్టు. కుట్టేశావంటే ఉతకలేవు.

వానాకాలంలో బుట్టలను సిమెంటు నేల మీద ఉంచకు, పీట మీద ఉంచు. ఎండ వచ్చిన రోజున బోర్లించు. బట్టలు పెడితే నాలుగు ఎండు వేపాకులు వేయి. పెళ్లి సారెలో పూతరేకులు పెట్టడానికి బుట్టలు కావాలని ఎవరో అడిగారన్నావు కదా, నెయ్యి మరక పోదని ముందే చెప్పు, లోపల అరిటాకు పరచమను. ధర దగ్గర మొహమాటపడకు. గుడ్డ ఊరికే వచ్చి ఉండవచ్చు, 70 చదరాలు కోసి కుట్టిన రెండు మధ్యాహ్నాలు ఊరికే రాలేదు. ముక్కలు చాలలేదని కొత్త గుడ్డ కొన్నావని నాకు తెలిస్తే మాత్రం ఊరుకోను. పక్క దర్జీలను అడుగు, సంచులకు సంచులు ఇస్తారు.

ఆ వంకర బుట్టను విప్పకు. వంటింట్లో వెల్లుల్లికి వాడుకో, వాటికి నిటారు గోడలతో పనిలేదు. సంక్రాంతికి చించినాడ వంతెన దాటి వచ్చేటప్పుడు నీ ముక్కల మూట తెచ్చుకో, ఇద్దరం అరుగు మీద కూర్చుని ఒకటి కుడదాం. కత్తెర కూడా నీదే తెచ్చుకో. నాది ఎవరికీ ఇవ్వను.

ఆశీస్సులతో,
అత్తయ్య