అడగండి చెప్తా: ప్లాటు అమ్మి మెకాట్రానిక్స్‌కి అమెరికా పోవాలా?

ప్రశ్న: అన్నా నమస్తే, మాది కూకట్‌పల్లి. ఈ ఏడాదే పాలిటెక్నిక్‌లో ట్రిపుల్ ఈ డిప్లొమా అయిపోయింది. ఈసెట్ రాసి బీటెక్ సెకండియర్‌లో చేరదామనుకున్నా, కానీ ఒక కన్సల్టెన్సీ వాళ్లు అమెరికాలో కమ్యూనిటీ కాలేజీలో మెకాట్రానిక్స్ ఇంజనీరింగ్ టెక్నాలజీ అని రెండేళ్ల కోర్సు ఉంది, ఫీజు తక్కువ, అయిపోగానే మూడేళ్లు జాబ్ చేసుకోవచ్చు అంటున్నారు. నాన్న ఊళ్లో ప్లాటు అమ్ముతా అంటున్నాడు. పోవాలా వద్దా?

జవాబు: తమ్ముడూ, ముందు ఆ ప్లాటు బేరం ఆపమని నాన్నకి చెప్పు, తర్వాత ఇది చదువు.

కోర్సు మాత్రం మంచిదే, అందులో డౌటే లేదు. మోటార్ కంట్రోల్స్, హైడ్రాలిక్స్ (ఆయిల్ ప్రెజర్‌తో నడిచేవి), న్యూమాటిక్స్ (గాలి ప్రెజర్‌తో నడిచేవి), సెన్సర్లు, పీఎల్‌సీ (ఫ్యాక్టరీ మెషిన్లని నడిపే చిన్న కంప్యూటర్), రోబో ప్రోగ్రామింగ్ అన్నీ కలిపి నేర్పిస్తారు, థియరీ కంటే ల్యాబ్ ఎక్కువ, సార్ కావాలని మెషిన్‌లో ఫాల్ట్ పెట్టి వెతకమంటాడు. దాని విలువ నాకు తెలుసు కాబట్టి చెప్తున్నా. నేను జీడిమెట్లలో మెయింటెనెన్స్‌లో పనిచేసిన రోజుల్లో ఒక నైట్ షిఫ్ట్‌లో ట్యాబ్లెట్లు ప్యాక్ చేసే మెషిన్ ఐదు నిమిషాలకోసారి ఆగిపోతోంది, ఎలక్ట్రికల్ వాళ్లు మెకానికల్ ప్రాబ్లం అంటారు, మెకానికల్ వాళ్లు ప్రోగ్రామ్‌లో ఉంది అంటారు, అట్లా రెండు గంటలు పోయింది. మా సీనియర్ ఒకాయన వచ్చి కింద కూర్చుని చేత్తో హ్యాండ్‌వీల్ తిప్పుతూ ప్రాక్సిమిటీ సెన్సర్ (దగ్గరికొచ్చినదాన్ని తాకకుండానే పసిగట్టేది) మీద చిన్న లైట్‌నే చూస్తూ ఉన్నాడు. షాఫ్ట్ తిరిగిన ప్రతిసారీ వెలగాలి, అది ఒక్కోసారి వెలగట్లేదు. వైబ్రేషన్‌కి నట్ లూజై సెన్సర్ కొంచెం వెనక్కి జరిగింది, అంతే. 17 నంబర్ స్పానర్‌తో బిగించాడు, తెల్లారేదాకా మెషిన్ ఆగలేదు. ఆయనకి కరెంటూ తెలుసు, షాఫ్టూ తెలుసు, ప్రోగ్రామ్ దేనికోసం ఎదురుచూస్తుందో కూడా తెలుసు. మెకాట్రానిక్స్ అంటే అదే.

కానీ నీకు చెప్పిన లెక్క తప్పు. కమ్యూనిటీ కాలేజీలో వచ్చేది అసోసియేట్ డిగ్రీ, అంటే బ్యాచిలర్స్ కంటే కింది మెట్టు. ఎఫ్-1 అనే స్టూడెంట్ వీసా మీద చదివితే దానికి ఓపీటీ, అంటే చదువయ్యాక అక్కడ పనిచేసుకునే పర్మిషన్, 12 నెలలే. ఆ పైన 24 నెలల స్టెమ్ ఎక్స్‌టెన్షన్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్ చదివినవాళ్లకిచ్చే పొడిగింపు) రావాలంటే బ్యాచిలర్స్ గానీ పైది గానీ ఉండాలి, హెచ్-1బీ ఉద్యోగ వీసాకి కూడా మామూలుగా బ్యాచిలర్సే అడుగుతారు. అంటే మూడేళ్లు అన్న మాట ఈ కోర్సుకి వర్తించదు, ఏడాదిలో బ్యాగ్ సర్దుకోవాలి లేదంటే మళ్లీ ఫీజు కట్టి పైకి చదవాలి. ఫీజు తక్కువ అన్నది కూడా అక్కడ స్థానికంగా ఉండేవాళ్లకి, బయటి దేశం పిల్లలకి రేటు వేరు. కాలేజీ నడిచేటప్పుడు క్యాంపస్‌లోనే వారానికి 20 గంటల వరకు పని, దాంతో ఫీజు వెళ్లదు.

అయినా పోవాలనే ఉంటే కన్సల్టెన్సీని కాదు, నేరుగా కాలేజీ వాళ్లకే మెయిల్ పెట్టు. ఐ-20 (వీసా కోసం కాలేజీ ఇచ్చే కాగితం) ఎఫ్-1కి ఇస్తారా, వృత్తి కోర్సుల వీసా ఎం-1కి ఇస్తారా అడుగు, ఎందుకంటే ఎం-1 మీద పోతే అక్కడుండి ఎఫ్-1కి మారనివ్వరు. డిగ్రీ ఏఏఎస్సా (అసోసియేట్ ఆఫ్ అప్లైడ్ సైన్స్) ఏఎస్సా (అసోసియేట్ ఆఫ్ సైన్స్) అన్నది ఇంకా ముఖ్యం. ఏఏఎస్ నేరుగా ఉద్యోగానికి పోయేవాళ్ల కోసం పెట్టింది, చాలా చోట్ల అందులో మ్యాథ్స్ క్యాల్కులస్ దాకా పోదు, ఆ క్రెడిట్లు ఇంజనీరింగ్ బ్యాచిలర్స్‌కి అన్నీ పనికిరావు, ఇంజనీరింగ్ టెక్నాలజీ బ్యాచిలర్స్‌లో అయితే ఎక్కువ కలుస్తాయి. ఏ యూనివర్సిటీతో ట్రాన్స్‌ఫర్ అగ్రిమెంట్ (ఈ క్రెడిట్లు తీసుకుంటామనే ఒప్పందం) ఉందో కాగితం మీద చూపించమను, నోటి మాట వద్దు.

నా తమ్ముడివే అయితే ఈసెట్ రాయమంటా. నువ్వు ఆల్రెడీ మూడేళ్ల డిప్లొమా చదివావు, మళ్లీ ప్లాటు పెట్టి అదే మెట్టు ఎక్కడం ఎందుకు. బీటెక్‌లో చేరి సెలవుల్లో బాలానగర్ సీఐటీడీ (సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్)లో పీఎల్‌సీ, ఆటోమేషన్ షార్ట్ కోర్సులు ఏమున్నాయో కనుక్కో, 1968 నుంచి ఉన్న సంస్థ, చేత్తో పని నేర్పే చోటు. అమెరికా బీటెక్ తర్వాత మాస్టర్స్‌కి పోవచ్చు, అప్పుడు ఆ 24 నెలలు కూడా నీకొస్తాయి.

ప్రశ్న: ఇంటర్ ఎంపీసీ చదువుతున్నా, ఉప్పల్. మెకాట్రానిక్స్, రోబోటిక్స్ ఒకటేనా సార్?

జవాబు: కాదమ్మా. మెకాట్రానిక్స్ పెద్ద గొడుగు, రోబో దాని కింద ఒకటి. లిఫ్ట్, వాషింగ్ మెషిన్, కార్లో ఏబీఎస్ బ్రేకులు కూడా దాని కిందికే వస్తాయి. ఆ పేరు పెట్టింది జపాన్‌లో యస్కావా కంపెనీ ఇంజనీరు తెత్సురో మోరి, 1969లో, మెకానిజం, ఎలక్ట్రానిక్స్ రెండూ కలిపి. నీకు మోటార్లు విప్పి చూడాలనిపిస్తే మెకాట్రానిక్స్ తీసుకో, రోబో నడకే ఇష్టమైతే రోబోటిక్స్, ఫిజిక్స్ మాత్రం రెంటికీ గట్టిగా చదవాలి.