నాబ్ కదలకపోతే పోలిక నిలవదు: ఓపెన్ బ్యాక్ హెడ్‌ఫోన్లపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: నాలుగు ఖరీదైన ఓపెన్ బ్యాక్ (వెనకవైపు తెరిచి ఉండే) హెడ్‌ఫోన్లను ఒకే ఆంప్లిఫయర్‌కు మార్చి మార్చి తగిలించి విన్నాను. పోలిక న్యాయంగా ఉండాలని వాల్యూమ్ నాబ్‌ను అసలు ముట్టుకోలేదు. ఆడెజీ ఎల్‌సీడీ-ఎక్స్ నిండుగా, హుషారుగా ఉంది. దాని తర్వాత ఫోకల్ యుటోపియా నచ్చింది. సెన్‌హైజర్ హెచ్‌డీ 800 ఎస్ పలచగా తోచింది. అందరూ ఆకాశానికెత్తే హైఫైమ్యాన్ సుస్వర ప్రాణం లేనట్టు వినిపించింది. నా చెవుల్లో లోపమా, ఆ పొగడ్తలు వట్టివా?

జవాబు: మీ చెవులు చక్కగా పనిచేస్తున్నాయి. మీ ఉత్తరం చదవగానే కాగితం తీసుకుని లెక్క వేశాను. యుటోపియాలో 104 డెసిబెళ్లు వచ్చే చోట నాబ్ ఉందనుకుందాం. తయారీదారులు ప్రకటించిన అంకెలను బట్టి, నాబ్ అక్కడే ఉంచి ఎల్‌సీడీ-ఎక్స్ తగిలిస్తే దాదాపు 109 వస్తుంది. హెచ్‌డీ 800 ఎస్‌లో 91. సుస్వరలో 84. మీకు నచ్చిన వరుసను దీని పక్కన పెట్టి చూడండి. నాలుగు పేర్లూ అదే క్రమంలో ఉన్నాయి. (లెక్క కోసమే 104 అన్నాను. అంత బిగ్గరగా ఎవరూ వినకూడదు. మీరు ఎంత తగ్గించి విన్నా ఈ తేడాలు మాత్రం ఇలాగే ఉంటాయి.)

నాబ్ కదలనంతసేపూ మామూలు ఆంప్లిఫయర్ ఇచ్చే వోల్టేజీ దాదాపు మారదు. ఆ వోల్టేజీతో ఏ హెడ్‌ఫోన్ ఎంత శబ్దం పుట్టిస్తుందన్నది దాని ఇంపెడెన్స్ (కరెంటుకు అది చూపే అడ్డు, ఓంలలో కొలుస్తారు), సెన్సిటివిటీ (ఇచ్చిన శక్తికి ఎంత శబ్దం పలుకుతుందన్న కొలత) తేలుస్తాయి. ఎల్‌సీడీ-ఎక్స్ 20 ఓంలది, 1 మిల్లీవాట్‌కే 103 డెసిబెళ్లు పలుకుతుంది. సుస్వర 60 ఓంలది, అదే మిల్లీవాట్‌కు 83 దగ్గర ఆగిపోతుంది. అది కూడా 103 పలకాలంటే 100 మిల్లీవాట్లు కావాలి. అంటే నూరు రెట్లు.

ఇందులో ఇంకో చిక్కుంది. శబ్దం తగ్గేకొద్దీ మన చెవి మధ్యస్థాయి కంటే మంద్రస్థాయిని ఎక్కువగా పోగొట్టుకుంటుంది. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1933లోనే దీన్ని కొలిచి రేఖలు గీసి చూపించారు. కాబట్టి మీరు విన్న సుస్వర మెల్లగా మోగడంతో పాటు కింది స్వరాల ఆసరా కూడా కోల్పోయింది. ప్రాణం లేదనిపించడంలో ఆశ్చర్యం లేదు.

రికార్డింగ్ గదిలో పని మొదలుపెట్టిన తొలి ఏడాది నేనూ ఇదే పొరపాటు చేశాను. రెండు హెడ్‌ఫోన్లను వారం రోజులు పోల్చి, ఒకదానిలో 'గాలి, వెలుగు' ఎక్కువని నోట్‌బుక్‌లో రాసుకున్నాను. తర్వాత కొలిస్తే అది రెండోదాని కంటే 3 డెసిబెళ్లు ఎక్కువగా మోగుతోంది. సమం చేసి విన్నాక ఆ వెలుగు రెండోదాని వైపు వెళ్లింది. ఆ పేజీని ఇప్పటికీ చింపలేదు.

సమం చేయడానికి ఖరీదైన పరికరాలేవీ అక్కర్లేదు. మందపాటి అట్టముక్కకు మధ్యలో చిన్న కన్నం చేసి, ఫోను మైకును వెనక నుంచి ఆ కన్నానికి సరిగ్గా ఆనించండి. హెడ్‌ఫోన్ కప్పును ముందువైపు అట్టకు సందు లేకుండా అదిమి పట్టండి. పింక్ నాయిస్ అనే, జలపాతం హోరులాంటి శబ్దాన్ని మోగించి, శబ్దం కొలిచే యాప్‌లో అంకె చూడండి. ఆ అంకె అసలు విలువకు అటూ ఇటూ ఉన్నా ఫరవాలేదు, నాలుగింటికీ ఒకే అంకె రావడమే ముఖ్యం. అర డెసిబెల్ లోపు కుదిరితే చాలు. చివరికి మీకు బాగా తెలిసిన ఒక గొంతు పెట్టి, అది నాలుగింటిలోనూ ఒకే బిగ్గరతనంతో వినిపించేలా చెవితో సవరించుకోండి. మొదటి రోజు విసుగనిపిస్తుంది. అయినా చేయండి.

ఇలా సమం చేసి నేను విన్నప్పుడు ఏమనిపించిందో చెబుతాను. ఇది నా చెవుల మాట. పదమూడు వేల హెర్ట్జ్ దాటినవి నాకు వినిపించవు కనుక, ఆ పైనున్న తళుకుల గురించి నన్ను నమ్మకండి.

హెచ్‌డీ 800 ఎస్‌లో డ్రైవర్, అంటే శబ్దం పుట్టించే భాగం, చెవికి కాస్త దూరంగా, ముందువైపు వాలుగా ఉంటుంది. పెద్ద వాద్యబృందాన్ని విన్నప్పుడు ఎవరు ఎక్కడ కూర్చున్నారో ఇంత తేటగా చూపించే హెడ్‌ఫోన్ నేను ఇంకొకటి వినలేదు. 2009లో వచ్చిన హెచ్‌డీ 800లో 6 వేల హెర్ట్జ్ ప్రాంతం మిగతావాటి కంటే బిగ్గరగా పలికేది. 2016లో వచ్చిన 800 ఎస్‌లో లోపల ధ్వనిని పీల్చుకునే ఒక శోషకం అమర్చి దాన్ని తగ్గించారు. తగ్గింది, పూర్తిగా పోలేదు. గాయని 'స', 'శ' పలికిన ప్రతిసారీ నాకు ఆ అంచు తగులుతుంది. చాలామంది ఈ అంచునే 'వివరం' అంటారు. వయొలిన్ తీగ మీద కమాను రాపిడి ముందుకు వస్తే ఎక్కువ విన్నట్టు అనిపించడం సహజం. అదే రాపిడి మిగతా మూడింటిలోనూ ఉంది, వెతికి వినండి. వివరం అన్న మాటను నేను చాలా పొదుపుగా వాడతాను. తెర వెనక నుంచి దగ్గు వినిపించడం వివరమే, కానీ ఆ దగ్గు కోసం పాట స్వరూపం మారితే అది నాకు లాభం కాదు.

యుటోపియాలో కదిలి శబ్దం పుట్టించే పొర, అంటే డయాఫ్రమ్, బెరీలియం లోహంతో చేసినది. మృదంగం మీద వేలు పడిన తొలి క్షణం, ఆ దెబ్బ బిగువు, ఇందులో విన్నట్టు ఎక్కడా వినలేదు. పాట మన చుట్టూ పరుచుకున్నట్టు తోచే వేదిక మాత్రం చిన్నది. గాయకుడు మీ నుదుటికి దగ్గరగా నిలబడతాడు. గంట దాటాక ఆ దగ్గరితనం నన్ను అలసిపోయేలా చేస్తుంది.

ఎల్‌సీడీ-ఎక్స్‌లో మంద్రస్థాయి చివరి మెట్టు వరకూ కుంగకుండా దిగుతుంది. అయితే 3, 4 వేల హెర్ట్జ్ దగ్గర ఒక పల్లం ఉంది. మన చెవి సహజంగా బాగా పట్టుకునే ప్రాంతం అదే కావడంతో గొంతు ఒక అడుగు వెనక్కి జరుగుతుంది. బరువు 600 గ్రాములకు పైనే. హెచ్‌డీ 800 ఎస్ 330 గ్రాములు. పది నిమిషాల పరీక్షలో తెలియని ఈ తేడా రెండో గంటలో మెడకు తెలుస్తుంది.

సుస్వర పేరు మనదే, ఉచ్చారణకు కష్టపడే పని లేదు. సరైన శక్తి అందితే ఆ పేరుకు తగినదే. పియానో మీద ఒక స్వరం మోగి, పలచబడి, నిశ్శబ్దంలో కలిసేదాకా దారి తెగదు. గొంతు గొంతులాగే ఉంటుంది. నాలుగింటిలో ఒక్కటే ఉంచుకోమంటే నేను దీన్నే ఉంచుకుంటాను. కానీ మీ ఆంప్లిఫయర్ 60 ఓంలకు కనీసం 1 వాటు శుభ్రంగా ఇవ్వలేకపోతే దీన్ని కొనే ఆలోచన పెట్టుకోకండి. ఆ స్థితిలో హెచ్‌డీ 800 ఎస్ మేలైన ఎంపిక.

ప్రశ్న: నా ట్యూబ్ (గాజు వాల్వులతో పనిచేసే) ఆంప్లిఫయర్‌తో సెన్‌హైజర్ హెచ్‌డీ 650లో గొంతులు వెచ్చగా వినిపిస్తాయి. ప్లానార్ (చదునైన పలచని పొర కదిలి శబ్దం పుట్టించే) హెడ్‌ఫోన్‌తో ఆ వెచ్చదనం కనబడదు. ట్యూబుల గుణం ఒకదానికి చేరి ఇంకొకదానికి ఎందుకు చేరదు?

జవాబు: మీరు వినే వెచ్చదనంలో పెద్ద పాలు ఇంపెడెన్స్‌ది. హెచ్‌డీ 650ని 300 ఓంలని చెబుతారు కానీ 100 హెర్ట్జ్ పరిసరాల్లో అది 500 దాటుతుంది. మీ ఆంప్లిఫయర్ అవుట్‌పుట్ ఇంపెడెన్స్, అంటే దాని లోపలి అడ్డు, 100 ఓంలు ఉందనుకోండి. 300 ఓంలున్న చోట వోల్టేజీలో 75 శాతం, 500 ఉన్న చోట 83 శాతం హెడ్‌ఫోన్‌కు చేరుతుంది. అంటే ఆ కింది ప్రాంతం దాదాపు 1 డెసిబెల్ పైకి లేస్తుంది. చిన్న అంకెలా ఉంటుంది కానీ గొంతు అడుగుభాగంలో అది బాగా తెలుస్తుంది. ప్లానార్ ఇంపెడెన్స్ అన్ని చోట్లా దాదాపు ఒకటే. శబ్దం మొత్తం ఒకే పాళ్లలో తగ్గుతుంది, రంగు మారదు. 20 ఓంల ప్లానార్‌కైతే ఆ ఆంప్లిఫయర్ నుంచి ఆరో వంతు వోల్టేజీయే అందుతుంది. అలాంటి జోడీని నేను సిఫారసు చేయను.

ప్రశ్న: కళ్లద్దాలు పెట్టుకుంటే నా ప్లానార్‌లో బేస్ పలచబడుతోంది. ఓపెన్ బ్యాక్ కదా, ఎలాగూ గాలి ఆడుతుంది, ఇది నా భ్రమా?

జవాబు: భ్రమ కాదు. తెరిచి ఉండేది డ్రైవర్ వెనక వైపు. ముందు వైపు చెవి చుట్టూ మూత సరిగా ఉంటేనే మంద్రస్థాయి నిలుస్తుంది. కళ్లద్దాల కాడ చేసే సన్నని సందు చాలు అది జారిపోవడానికి. సన్నని కాడల అద్దాలు కొంత నయం. ఇంట్లో ఒంటరిగా వినేటప్పుడు అద్దాలు తీసి వినడం అన్నిటికంటే నయం.

ప్రశ్న: ఇంత ఖరీదైన హెడ్‌ఫోన్‌కు ఈక్వలైజర్ (ఒక్కో ధ్వని ప్రాంతాన్ని విడిగా పెంచి తగ్గించే సాధనం) వాడడం దాన్ని అవమానించడమేనని ఒక మిత్రుడు అంటున్నాడు.

జవాబు: ఒప్పుకోను. ఏ తయారీదారుడికీ మీ చెవి ఆకారం తెలియదు. హెచ్‌డీ 800 ఎస్‌లో 6 వేల హెర్ట్జ్ దగ్గర 2, 3 డెసిబెళ్లు తగ్గించి వినండి, వేదిక విశాలత చెక్కుచెదరదు, 'స' కుదుటపడుతుంది. హార్మన్ అనే ఆడియో సంస్థలో పరిశోధకుడు షాన్ ఆలివ్ బృందం చేసిన శ్రవణ పరీక్షల్లో ఎక్కువమంది, మంచి గదిలో మంచి స్పీకర్లు వినిపించే తీరుకు దగ్గరగా ఉన్న ధ్వనినే ఇష్టపడ్డారు. ఖరీదుకు ఆ దగ్గరితనంతో తప్పనిసరి సంబంధం లేదు. ఒక జాగ్రత్త: ఏదైనా ప్రాంతాన్ని పెంచితే, డిజిటల్ వాల్యూమ్‌ను ముందే అంతమేరకు తగ్గించండి, లేకపోతే శబ్దం చీలుతుంది.

ప్రశ్న: మూడేళ్లుగా వాడుతున్న నా సెన్‌హైజర్ హెచ్‌డీ 600 మొదట్లోలా లేదు. డ్రైవర్లు పాతబడ్డాయా?

జవాబు: ముందు ఇయర్‌ప్యాడ్లను అనుమానించండి. నురుగు అణిగిపోతే డ్రైవర్ చెవికి దగ్గరవుతుంది, ధ్వని మారుతుంది. కొత్త జత తెచ్చాక రెండూ ఒకేసారి మార్చకండి. ఒక పక్క కొత్తది, ఒక పక్క పాతది వేసి, మోనోలో (రెండు చెవులకూ ఒకే ధ్వని వచ్చేలా) ఒకే గొంతు వినండి. నా జతతో ఈ పని చేసినప్పుడు తల మధ్యలో ఉండవలసిన గొంతు ఒక చెవి వైపు స్పష్టంగా జరిగి వినిపించింది. రెండో ప్యాడ్ కూడా మార్చగానే తిరిగి మధ్యకు వచ్చింది.