ఫొటో వెనక నా పేరే ఉంది, కానీ ఆ పాప నేను కాదు

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. నాన్న పోయాక ఆయన పెట్టె సర్దుతుంటే ఏడాది వయసున్న పాప ఫొటో దొరికింది. వెనకాల నా పేరే రాసి ఉంది. తేదీ మాత్రం నేను పుట్టడానికి ఏడాదిన్నర ముందుది. అమ్మను అడిగితే ఫొటో లాక్కుని, "ఇప్పుడెందుకివన్నీ" అంటూ గదిలోకి వెళ్లిపోయింది. తమ్ముడేమో వదిలెయ్యమంటున్నాడు. ఆ పాప కథ తెలుసుకోవాలనుకోవడం తప్పా?

జవాబు: తప్పేమీ లేదు. కాకపోతే ఆ పాప మీ అక్కేనని అప్పుడే ఖాయం చేసుకోకండి. చుట్టాల్లో ఒకే పేరు ఇద్దరికి ఉండటం మామూలే.

మీ ఉత్తరంలో "లాక్కుని" అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. పారేయమనలేదు, చింపనూ లేదు, తన దగ్గరికి తీసుకుంది. ఆ ఫొటో తిరిగి అడగకండి.

అక్కే అయితే, 'ఆమె బదులుగా నన్ను కన్నారా' అన్న ప్రశ్న ఏదో ఒక రాత్రి మీకు నిద్ర పట్టనివ్వదు. చిత్రకారుడు విన్సెంట్ వాన్ గో 1853 మార్చి 30న పుట్టాడు. సరిగ్గా ఏడాది ముందు, అదే తేదీన, వాళ్లమ్మకు ప్రాణం లేని బిడ్డ పుట్టాడు. వాడి పేరూ విన్సెంటే. పోయిన బిడ్డ పేరు మళ్లీ పెట్టుకున్న తల్లిదండ్రులు చాలామందే ఉన్నారు. కారణం ఒక్కో ఇంట్లో ఒక్కోటి. మీ ఇంట్లో ఏమిటో అమ్మే చెప్పాలి.

ఈలోగా అమ్మను కదపకుండా తెలుసుకోగలిగినవి చూడండి. జనన మరణాల రిజిస్టర్లో పసివాళ్లకు చాలాసార్లు పేరు ఉండదు, 'ఆడ శిశువు' అని రాసి వదిలేస్తారు. కాబట్టి నాన్న పేరుతో వెతికించండి. జనాభా లెక్కల్లో ఇంటింటి వివరాలు ఎవరికీ చూపించరు కాబట్టి, పాప కోసం వాటిలో వెతకడం కుదరదు. కాగితం దొరకలేదంటే పాపే లేదని కాదు.

అత్తనో పెద్దమ్మనో అడిగేటప్పుడు తేదీలు అడగకండి, తడబడతారు. "అప్పటికి మీ పెద్దాడు పుట్టాడా?" అని అడిగి చూడండి, ఏడాది దానంతటదే తేలుతుంది. "జ్వరమొచ్చి పోయింది" అంటే దాన్నిబట్టి రోగం పేరు మీరే తేల్చకండి. ఇంట్లో ఇంకో ఇద్దరు పిల్లలు కూడా అలాగే పోయారని తెలిస్తే మాత్రం ఆ సంగతి మీ డాక్టరు చెవిన వేయండి.

ఇక అమ్మ. పక్కన కూర్చుని బట్టలు మడతపెడుతూనో, ఏదో పనిలో ఉన్నప్పుడో, "పాపకి జుట్టు ఒత్తుగా ఉందే" అనండి. ఎలా పోయిందని అడగొద్దు. కడుపుకోత పడ్డ తల్లికి ఆ ఆఖరి రోజు గురించే అందరూ అడిగి ఉంటారు, పాప నవ్వు గురించి ఎవరూ అడిగి ఉండరు. వద్దంటే అక్కడితో ఆపేయండి. నోరు విప్పితే ఫోన్‌లో రికార్డు చేయకండి. "ఆ రాత్రే తీసుకెళ్లి ఉంటే" అని ఏడిస్తే, "నీ తప్పేం లేదమ్మా" అని వెంటనే అనేయకండి. ఓదార్పే అయినా నోరు మూయించినట్టవుతుంది. పూర్తిగా చెప్పనివ్వండి. తర్వాత వారాల తరబడి తిండీ నిద్రా తగ్గితే కౌన్సెలర్‌కు చూపించండి.

వంశవృక్షం రాసుకుంటుంటే, అమ్మ సరేనన్నాక ఆ పాపకు విడిగా చోటివ్వండి. పేరు ఒకటే కనుక ఇద్దరికీ పుట్టిన ఏడాది పక్కన వేయండి. లేకపోతే మీ మనవలు మీ ఇద్దరినీ కలిపి ఒకరే అనుకుంటారు.