కోయి తొట్టి నీరు తేటపడాలంటే ముందు మోటారు చోటు మార్చండి

ప్రశ్న: మాది గజపతి జిల్లా పర్లాకిమిడి దగ్గర పల్లె. పెరట్లో 20 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 4 అడుగుల నీటి లోతు ఉన్న సిమెంటు తొట్టిలో 220 కోయి (రంగుల అలంకార) చేపలు పెంచుతున్నాను. బరంపురం, శ్రీకాకుళం అక్వేరియం షాపులకు అమ్ముతాను. చేపలు జానెడు సైజుకి వచ్చాయి. రోజూ కిలో గుళికల మేత, మరో కిలో తవుడు, వేరుశనగ చెక్క కలిపి వేస్తున్నాను. రెండు నెలలుగా నీరు మట్టిరంగులోనే ఉంది. ఎండ పడితే సన్నటి నలకలు ఆడుతూ కనిపిస్తాయి. సీసాలో పట్టి రాత్రంతా ఉంచినా పూర్తిగా దిగడం లేదు. అర హెచ్‌పీ మోటారు తొట్టిలోనే మునిగి ఉంటుంది, పక్కనున్న నీలం డ్రమ్ము ఫిల్టరుకి నీళ్లు ఎక్కిస్తుంది. అందులో స్పాంజిని రోజూ పంచాయతీ కుళాయి కింద తెల్లగా ఉతుకుతున్నాను. బంకమన్ను అనుకుని కిలో పటిక వేస్తే రెండు రోజులు తేటపడి మళ్లీ మొదటికే వచ్చింది. రొయ్యల మందుల షాపులో 5 కిలోల జియోలైట్ పొడి, 50 కిలోల ఉప్పు, ప్రోబయోటిక్ ఇస్తే అవీ వేశాను. ఇప్పుడు పొద్దున్నే చేపలు నీళ్లు పడే చోట గుమిగూడి నోళ్లు తెరుస్తున్నాయి. 1 హెచ్‌పీ మోటారు, 36 వాట్ల యూవీ లైటు పెట్టమంటున్నారు. పెట్టమంటారా?

జవాబు: వద్దు. మీ తొట్టిలో ఉన్నది బంకమన్ను కాదు. మన్నే అయితే పటికతో దిగినది దిగినట్టే ఉండేది, కొత్త మన్ను బయటి నుంచి వస్తే తప్ప నీరు మళ్లీ మురికి కాదు. సిమెంటు తొట్టిలోకి మన్ను ఎక్కడి నుంచి వస్తుంది? రెండు రోజుల్లో నలకలు తిరిగొచ్చాయంటే అవి తొట్టిలోనే రోజూ తయారవుతున్నాయన్నమాట. సగం మీరు వేసే తవుడు, సగం మోటారు చిలికిన చేపల పెంట.

ముందు నోళ్లు తెరుస్తున్న చేపల సంగతి. చేపలు విడిచే విషం అమ్మోనియా, జియోలైట్ దాన్ని పట్టుకునే మాట నిజమే, కానీ ఉప్పు తగిలితే పట్టినదాన్ని వదిలేస్తుంది. ఆ రెండింటినీ ఒకే రోజు ఒకే తొట్టికి అంటగట్టినవారికి ఈ సంగతి తెలియదో, తెలిసీ అమ్మారో. పైగా జియోలైట్ పొడి కూడా సన్నటి నలకే. నలకలు పోవాలని నలకలే కొనుక్కొచ్చారు. పటిక కట్టిన మడ్డి మొప్పలకు పట్టి ఉండవచ్చు, స్పాంజిని క్లోరిన్ నీళ్లతో ఉతకడం వల్ల అమ్మోనియాను తినే బాక్టీరియా కూడా పోయింది. కాబట్టి ఈరోజు నుంచే రెండు రోజులు మేత పూర్తిగా ఆపండి. ఏరేటరు (నీళ్లలోకి గాలి ఊదే పంపు) రాత్రీపగలూ నడవాలి. వరుసగా అయిదు రోజులు రోజుకు 20 శాతం, అంటే 5,400 లీటర్ల నీరు అడుగు నుంచి సైఫన్ పైపుతో తీసి, అంతే కొత్త నీరు పెట్టండి. జియోలైట్ అడుగునే పేరుకుని ఉంటుంది, పైపు మూతిని దాని మీదే తిప్పండి. బోరు నీరైతే చిల్లుల పైపులోంచి పైనుంచి పడేలా పెట్టండి, ఎందుకంటే దానిలో ఆక్సిజన్ తక్కువ. కుళాయి నీరైతే ముందు క్లోరిన్ చూసుకోవాలి. 1 పీపీఎం (లీటరుకు 1 మిల్లీగ్రాము) క్లోరిన్ ఉన్న 5,400 లీటర్లకు 40 గ్రాముల సోడియం థయోసల్ఫేటు కరిగించి కలిపితే చాలు.

ఇక మేత. పది చేపలను తూకం వేసి సగటు తీయండి. జానెడు చేప 130 గ్రాములు తూగుతుందనుకుంటే 220కి దాదాపు 29 కిలోలు. అందులో 2 శాతం చొప్పున రోజుకు 550 నుంచి 580 గ్రాముల మేత సరిపోతుంది, మీరు 2 కిలోలు వేస్తున్నారు. తవుడు, చెక్క మట్టిచెరువు పద్ధతి. అక్కడ తినగా మిగిలింది చెరువుకు ఎరువవుతుంది, సిమెంటు తొట్టిలో మడ్డి అవుతుంది. ఈరోజుతో ఆపేయండి. తేలే గుళికలు మాత్రమే, రోజుకు మూడుసార్లు, 5 నిమిషాల్లో తినేసేంత వేయండి. కోయికి కడుపు సంచి ఉండదు, ఒకేసారి కుక్కితే సగం అరగకుండానే బయటికొస్తుంది. నీరు 15 డిగ్రీల కిందికి దిగే చలిరోజుల్లో మేతను పావు వంతుకు తగ్గించండి.

ఇప్పుడు మోటారు. చేప పెంట బయటికి వచ్చేటప్పుడు దారంలా ఉంటుంది, దాన్నలా వదిలేస్తే అడుక్కి దిగుతుంది. మోటారు రెక్కల్లో పడితే పిండి అయిపోతుంది. ఇంత సన్నటి నలక మునిగే వేగం దాని వెడల్పు వర్గాన్ని బట్టి ఉంటుంది. వెడల్పు పదో వంతుకు తగ్గితే వేగం నూరో వంతుకు పడిపోతుంది. మీ సీసాలో రాత్రంతా దిగనిది ఈ పిండే. 1 హెచ్‌పీ మోటారు పెడితే ఇంకా మెత్తగా రుబ్బుతుంది, నీళ్లు డ్రమ్ములో నిలిచే సమయం కూడా తగ్గుతుంది. ఫిల్టరు ముందు, మోటారు చివర. ఈ ఒక్క వరస సరిచేయకుండా ఎన్ని సామాన్లు కొన్నా దండగే.

మీ తొట్టి 27 వేల లీటర్లు. రెండు గంటలకోసారి నీరంతా తిరగాలంటే గంటకు 13,500 లీటర్లు కావాలి. మోటారు నీళ్లు పడే చోట 20 లీటర్ల బకెట్టు పెట్టండి. అయిదారు సెకన్లలో నిండితే ఉన్న మోటారే చాలు. మడ్డి దిగే గదికి లెక్క ఏమిటంటే, ఒక చదరపు మీటరు నీటి వైశాల్యానికి గంటకు 12 వేల లీటర్లు మించకూడదు. నీలం డ్రమ్ము వైశాల్యం పావు చదరపు మీటరే. ఆ ప్రవాహం దానిలో పోస్తే ఏ నలకా దిగదు.

నూతికి దింపే సిమెంటు వరలు 4 అడుగుల వ్యాసంవి దొరుకుతాయి. వైశాల్యం 1.17 చదరపు మీటర్లు, మీ లెక్కకు సరిపోతుంది. వరల్లో మూడు గుంటలు కట్టండి, మూడింటి నీటిమట్టం తొట్టి నీటిమట్టంతో సమానంగా ఉండాలి. తొట్టి గోడకు అడుగున కోర్ కటింగ్ మిషనుతో 4 అంగుళాల రంధ్రం వేయించి, లోపల నేల మీదుగా నడిమధ్య వరకు 4 అంగుళాల పీవీసీ పైపు వేయండి. మూతికి పైన బోర్లించిన పళ్లెంలా ఒక మూత పెట్టి, చుట్టూ ముప్పావు అంగుళం సందు వదలండి. ప్లంబరు 2 అంగుళాల పైపు చాలంటాడు, వినకండి. మోటారు తోయకుండా నీరు తనంత తాను వెళ్లాలి కాబట్టి సన్న పైపయితే గుంటలు ఖాళీ అయి మోటారు పొడిగా తిరుగుతుంది.

మొదటి గుంటలో ఆ పైపు నడిమధ్యన ఎల్బోతో పైకి తిరగాలి, మూతి నీటిమట్టానికి ఒక అడుగు కింద ఉండాలి. దాని చుట్టూ అడుగు కోసేసిన ఒకటిన్నర అడుగుల వ్యాసం ప్లాస్టిక్ డ్రమ్మును, అంచు నీటికి రెండంగుళాలు పైకి ఉండేలా వేలాడదీయండి. వచ్చిన నీరు దానిలోంచి కిందికి మళ్లి, నెమ్మదిగా పైకి లేచి, గుంట అంచున ఎదురెదురుగా పెట్టిన రెండు పైపుల్లోంచి పొంగి రెండో గుంటకు పోతుంది. మడ్డి అడుగునే ఉండిపోతుంది. అడుగు 45 డిగ్రీల వాలుతో గరాటులా కట్టి, మధ్యలో 2 అంగుళాల వాల్వు పెట్టి, ఉదయం సాయంత్రం పది సెకన్లు వదలండి. వాలు తక్కువైతే మడ్డి జారదు, అక్కడే కుళ్లుతుంది. కొత్త సిమెంటు పీహెచ్ పెంచుతుంది. గుంటలు వారం రోజులు నీళ్లతో నింపి ఉంచి మూడుసార్లు పారబోసి, పీహెచ్ 8.5 లోపుకు వచ్చాకే తొట్టికి కలపండి.

రెండో గుంటలో నైలాను వల ముక్కలు వదులుగా నింపండి. సముద్రపు పాత వలలైతే మూడు రోజులు మంచినీళ్లలో నానబెట్టి ఉప్పు పోగొట్టండి. వాటి పైన, నీరు మూడో గుంటకు పొంగే చోట చిల్లుల ట్రే పెట్టి, అందులో దిండ్లలో కుక్కే పాలిస్టర్ ఫైబరు అంగుళం మందాన రెండు పొరలు పరచండి. మీరడిగిన సన్న నలకలను పట్టేది ఇదే. మొదటి వారంలో పూటకోసారి మూసుకుపోతుంది, బెంబేలు పడకండి, అది పనిచేస్తున్నట్టు లెక్క. రెండో గుంటకూ మూడో గుంటకూ నీటిమట్టం తేడా రెండంగుళాలు దాటితే పొర తీసి ఉతకాలి. ట్రే పక్కన ఒక పొంగు పైపు తప్పక ఉంచండి, లేకపోతే పొర మూసుకున్న రాత్రి మోటారు కాలిపోతుంది.

మూడో గుంటలో 150 లీటర్ల ప్లాస్టిక్ బయో మీడియా (బాక్టీరియా పట్టి పెరిగే ముక్కలు), దాని కింద గాలి రాళ్లు, పక్కన జాలీ కట్టి మోటారు. తొట్టిలోకి తిరిగి వచ్చే నీరు రెండు పొడుగు గోడల వెంట ఎదురెదురు దిశల్లో పడాలి, అప్పుడే తొట్టి నీరు గుండ్రంగా తిరిగి మడ్డి నడిమధ్యకు చేరుతుంది. కరెంటు లైనుకు 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు) లేకుండా ఈ నీళ్లలో చెయ్యి పెట్టకండి. పాలిస్టర్ పొరను కుళాయి కింద ఉతికి పిండి పెట్టొచ్చు. బయో మీడియాను మాత్రం తొట్టి నీళ్లలోనే, అదీ ఒకసారికి మూడో వంతే కడగాలి. తెల్లగా మెరవక్కర్లేదు. దానికి పట్టిన గోధుమరంగు జిగురే మీ అసలైన ఫిల్టరు, సన్న నలకలు కొన్ని దానికే అంటుకుంటాయి. అది కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

మీ ఉత్తరంలో మందుల పేర్లు వరసగా ఉన్నాయి, నీటి పరీక్ష అంకె ఒక్కటీ లేదు. 35 శాతం ప్రొటీను ఉన్న 550 గ్రాముల మేతకు సుమారు 17 గ్రాముల అమ్మోనియా నత్రజని పుడుతుంది. బాక్టీరియా దాన్ని నైట్రేటుగా మార్చేసరికి నీటిలోని క్షారత (పీహెచ్ పడిపోకుండా కాపాడే గుణం) 120 గ్రాముల దాకా ఖర్చవుతుంది. మీరు వేసిన కిలో పటిక ఒక్కటే దాదాపు 500 గ్రాముల క్షారతను తినేసింది, అంటే నాలుగు రోజుల ఖర్చు ఒక్క పూటలో. క్షారత 80 పీపీఎం కంటే తగ్గితే 450 గ్రాముల వంటసోడా బకెట్టు నీళ్లలో కరిగించి చల్లండి, మీ తొట్టికి 10 పీపీఎం పెరుగుతుంది. రోజుకు అంతకు మించి వద్దు. అమ్మోనియా ఎక్కువున్న రోజు అసలు వేయకండి, పీహెచ్ పెరిగితే దాని విషమూ పెరుగుతుంది.

వానాకాలంలో నింపే నీరే ఎర్రగా వస్తే అప్పుడు పటికకు పని ఉంది, చేపల్లేని వేరే ట్యాంకులో. గ్రాము పటిక లీటరు నీళ్లలో కరిగించండి. లీటరు మురికినీటికి అందులోంచి 10 మిల్లీలీటర్లు పోస్తే 10 పీపీఎం. 10, 20, 30 చొప్పున మూడు సీసాల్లో పోసి చూసి, అరగంటలో తేటపడిన వాటిలో తక్కువ మోతాదే ట్యాంకుకు వాడండి. యూవీ లైటు ఆకుపచ్చ నాచు నీటికి మందు, మట్టిరంగుకి కాదు. మురికి నీళ్లలో దాని వెలుతురు అంగుళాల దూరం కూడా సరిగా పోదు. నలకలు పోయాక నీరు పచ్చబడితే అప్పుడు ఆ 36 వాట్లదే మోటారు తర్వాత పైపుకు బిగించండి.

తవుడు ఆపిన వారంలోనే తేడా తెలుస్తుంది, ఫిల్టరు వరస మార్చాక రెండు మూడు వారాలు. తొట్టి అడుగున ఒక రూపాయి బిళ్ళ వేసి ఉంచండి. పైనుంచి చూస్తే బొమ్మో బొరుసో చెప్పగలిగితే నీరు తేటపడినట్టు. వాల్వు నుంచి వచ్చే మడ్డి కొబ్బరి, అరటి మొదళ్లకు మంచిదే, కానీ మీ నీళ్లలో ఇప్పుడు బస్తా ఉప్పుంది. అయిదు రోజుల నీటి మార్పిడి అయ్యేదాకా కూరమడులకు పోయకండి. కాలువకూ వదలకండి, చేపపిల్ల ఒక్కటి జారినా మహేంద్రతనయ నదిలో కలుస్తుంది.

ఉదయం 6 గంటలకు, మధ్యాహ్నం 3 గంటలకు తీసిన పీహెచ్, అలాగే అమ్మోనియా, నైట్రైటు, క్షారత అంకెలు రాసి మళ్లీ పంపండి. అవి చూశాకే ఇంకేమైనా వేయాలో వద్దో చెప్పగలం, అప్పటిదాకా షాపు నుంచి ఏదీ తేకండి.