పాయింటర్ల దగ్గర ఆగిన కుర్రాణ్ణి అమీర్‌పేట పంపాలా?

పాలకొల్లు దగ్గర్నుంచి ఒక తండ్రి రాశారు: "మాది రొయ్యల చెరువు. అబ్బాయి సీఎస్ఈ మూడో ఏడాది. రొయ్యల్ని ఫోటో తీసి కౌంట్ (కిలోకి ఎన్ని తూగుతాయో) అంచనా వేసే ప్రాజెక్టు పెట్టుకున్నాడు. పైథాన్ నుంచి సీ కోడ్‌ని పిలిస్తే క్రాష్ అవుతోందని రెండు నెలలుగా అక్కడే కూర్చున్నాడు, ఒక్కోసారి ఫోటో వంకరగా వస్తోందంటాడు. మా అన్నయ్యగారబ్బాయి హైదరాబాద్‌లో ఏఐ కోర్సులో చేరాడు. మావాణ్ణీ పంపేయమంటారా? సీ ఇప్పుడెవరిక్కావాలండీ?"

ఈ ప్రశ్న భీమవరం నుంచి అమలాపురం దాకా అందరూ అడిగేదే, సబ్జెక్టు పేరొక్కటే మారుతుంది. మీ భయం సీ గురించి కాదు, అన్నయ్యగారబ్బాయి ముందెళ్ళిపోతాడేమోనని. చెరువులో పిల్ల వేసిన ఇరవయ్యో రోజునే పట్టుబడికి వల దింపుతారా మీరు? మరి కుర్రాడి దగ్గర ఎందుకీ తొందర? పైగా నలుగురిలో పోల్చి చెప్తున్నట్టున్నారు, అది ముందు మానండి.

ఇక అతని తంటా. పైథాన్‌లో ఉన్నంతసేపు మెమరీ ఎవరు తీసుకున్నారు, ఎవరు వదలాలి అన్న టెన్షన్ పెద్దగా ఉండదు, సీలోకి అడుగుపెట్టగానే ఆ లెక్కంతా మనమే చూసుకోవాలి. మీరు ఫోటో తీసి పంపిన కోడ్‌లో సీటైప్స్‌తో (పైథాన్ నుంచి సీని పిలిచే లైబ్రరీ) పిలిచాడు గానీ, ఫంక్షన్ తిరిగి ఏ రకం విలువ ఇస్తుందో చెప్పే రెస్‌టైప్ లైన్ కనిపించలేదు. అది రాయకపోతే వచ్చేది మామూలు పూర్ణాంకం అనుకుంటుంది పైథాన్, 64 బిట్ల మెమరీ అడ్రసులో (పాయింటర్‌లో ఉండేది ఇదే) సగం తెగిపోతుంది, ఆ తెగిన అడ్రసు పట్టుకుని మెమరీలోకి వెళ్తే పడిపోక ఏమవుతుంది? ఫోటో వంకరకి నా అనుమానం వరస చివర ప్యాడింగ్ మీద, అంటే లెక్క సరిపెట్టడానికి కలిపే ఖాళీ బైట్ల మీద. 641 పిక్సెళ్ళు, మూడు రంగులైతే వరసకి 1923 బైట్లు, బీఎంపీ రకం ఫోటో ఫైల్లో అయితే నాలుగుతో భాగం పోయేలా దాన్ని 1924 చేసి పెడతారు. ఆ ఒక్క బైటు మర్చిపోతే ప్రతి వరసా కాస్త కాస్త జరిగిపోతుంది. రేపు వీడియోకి వెళ్తే ఇంకో బాధ: 1920×1080 ఫ్రేము ఒక్కటే 62 లక్షల బైట్లు, సెకనుకి 30 ఫ్రేముల చొప్పున తీసుకుంటూ వదలకపోతే 8 జీబీ ల్యాప్‌టాప్ నిమిషం కూడా నిలవదు. వదిలేటప్పుడు కూడా, మెమరీ ఇచ్చిన లైబ్రరీలోని ఫంక్షన్‌తోనే వదలాలి.

ఏఐ కోర్సులన్నీ దండగ అనను. కానీ తొంభై రోజుల్లో ఉద్యోగం అనే బోర్డులంటే నాకు నమ్మకం లేదు, అక్కడ ఎక్కువగా చెప్పేది ఎవరో రాసిపెట్టిన ఫంక్షన్లని వరసగా పిలవడమే. వాళ్ళు ఫోటోల పనికి వాడే ఓపెన్‌సీవీ లైబ్రరీ లోపలంతా చాలావరకు సీ ప్లస్ ప్లస్సే, అంకెల లెక్కలకి వాడే నంపై గుండెకాయ సీ. మీవాడు కుస్తీ పడుతున్నది అక్కడే. ఇలాంటి పనికి ఖాళీలు వెబ్ పనికున్నన్ని ఉండవు, అదీ దాచను. అయినా మూడో ఏడాదిలోనే ఇక్కడిదాకా వచ్చిన కుర్రాడి గురించి నాకు దిగులు లేదు, మీరూ పెట్టుకోకండి.

ఈ వారం ప్రతి ఫంక్షన్‌కీ ఆర్గ్‌టైప్స్ (లోపలికి పంపే విలువల రకాలు), రెస్‌టైప్ రాయమనండి. పైథాన్ లేకుండా చిన్న సీ ప్రోగ్రామ్‌లో అదే కోడ్‌ని మెమరీ తప్పుల్ని పట్టే అడ్రస్ శానిటైజర్ పెట్టి నడిపితే చాలాసార్లు ఏ లైన్లో పడిందో అదే చెప్పేస్తుంది. అప్పటికీ తేలకపోతే కోడ్ అతన్నే పంపమనండి, మీరు ఫోటోలు తీయొద్దు, సగం లైన్లు పక్కకి కట్ అయిపోతున్నాయి.