మైనర్‌గా ఉన్నప్పుడు రాసిన ఏజెన్సీ ఒప్పందం సినిమా అవకాశానికి అడ్డమవుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి 14వ ఏట నుంచి యూట్యూబ్‌లోనూ, ఇన్‌స్టాగ్రామ్‌లోనూ వీడియోలు చేస్తోంది. 16 ఏళ్లప్పుడు ఒక ఏజెన్సీ ఆమెతో ఐదేళ్ల ఒప్పందం రాయించుకుంది. సంరక్షకురాలిగా నేను సంతకం చేశాను. సంపాదనలో 30 శాతం వాళ్లకివ్వాలని, వాళ్ల అనుమతి లేకుండా సినిమాల్లో నటించకూడదని, గడువు ముగిశాక కూడా రెండేళ్లు వేరే ఏజెన్సీకి వెళ్లకూడదని, ఛానెల్ వాళ్లదేనని, అమ్మాయి షరతు తప్పితే నష్టం నేను భరించాలని అందులో రాశారు. ఈమధ్యే ఆమెకు 18 నిండాయి, ఒక సినిమాలో ముఖ్యపాత్ర వచ్చింది. ఏజెన్సీ 25 లక్షల నష్టపరిహారం కోరుతూ లీగల్ నోటీసు పంపింది. పాత ఒప్పందాన్ని ధ్రువీకరిస్తూ అమ్మాయి ఒక పేజీ మీద సంతకం చేస్తే నోటీసు ఉపసంహరించుకుంటామంటోంది. చేయించమంటారా?

జవాబు: చేయించవద్దు. మీ వ్యవహారంలో ఏజెన్సీకి ఇప్పుడు అన్నిటికంటే అవసరమైనది ఆ ఒక్క సంతకమే. అది లేనంతవరకూ మీ అమ్మాయి మీద వాళ్లకు కాంట్రాక్టు పరంగా పట్టు లేదని నా అభిప్రాయం.

1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 11వ సెక్షన్ ప్రకారం మైనర్‌కు ఒప్పందం చేసుకునే అర్హత లేదు. అలాంటి ఒప్పందం మొదటి నుంచే చెల్లదని 1903లో మొహరీ బీబీ కేసులో ప్రీవీ కౌన్సిల్ (బ్రిటిష్ కాలంలో మన దేశపు కేసులకు చివరి అప్పీలు న్యాయస్థానం) తేల్చింది. మొదటి నుంచే చెల్లని దానిని మేజర్ అయ్యాక ధ్రువీకరించడం కూడా కుదరదు. ఏజెన్సీ న్యాయవాదికి ఈ సంగతి తెలియకపోదు. అందుకే ఆ పేజీని జాగ్రత్తగా చదవండి. పైన ‘ధ్రువీకరణ’ అని ఉన్నా, లోపల కొత్తగా కొంత సొమ్మో, కొత్త సేవలో ఇస్తామన్న మాట ఉంటే అది మేజర్ అయిన వ్యక్తి చేసుకున్న కొత్త ఒప్పందమవుతుంది. సంతకం కాగితం మీదే ఉండనక్కర్లేదు. ‘పాత షరతులకు ఒప్పుకుంటున్నాను’ అని ఆమె ఈమెయిల్‌లోనో, వాట్సాప్‌లోనో రాసినా అదే వాదనకు ఆధారమవుతుంది. కాబట్టి ఏజెన్సీతో ఇకపై మాటామంతీ అంతా న్యాయవాది ద్వారానే జరగనివ్వండి.

సంరక్షకురాలిగా తల్లి సంతకం చేసింది గనుక ఒప్పందం చెల్లుతుందని వాళ్లు వాదించవచ్చు. దీనికి శ్రీకాకుళం సుబ్రహ్మణ్యం, కుర్రా సుబ్బారావుల మధ్య నడిచిన కేసులో 1948లో ప్రీవీ కౌన్సిల్ ఇచ్చిన తీర్పును చూపిస్తారు. తండ్రి చేసిన అప్పులు తీర్చడానికి మైనర్ కొడుకు తరఫున తల్లి కుదుర్చుకున్న భూమి అమ్మకం ఆ కొడుక్కి వర్తిస్తుందని అందులో చెప్పారు. అయితే ఆ తీర్పు ఆస్తికి సంబంధించినది. ఒక పిల్ల ఐదేళ్లపాటు ఎవరి కోసం పనిచేయాలి, ఎవరి సినిమాలో నటించకూడదు అన్నది ఆస్తి వ్యవహారం కాదు, ఆమె శ్రమకూ, శరీరానికీ, భవిష్యత్తుకూ సంబంధించినది. మీరు హిందువులైతే 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం 8వ సెక్షన్ మీకు అండగా ఉంది. వ్యక్తిగత బాధ్యతతో కూడిన హామీకి మైనర్‌ను కట్టిపడేసే అధికారం సహజ సంరక్షకులకు ఏ పరిస్థితిలోనూ లేదని ఆ సెక్షన్ చెబుతోంది.

అయితే ఈ రక్షణకు రెండు వైపులా పదును ఉందని మీరు గ్రహించాలి. 1949లో బొంబాయి హైకోర్టు తీర్పు చెప్పిన రాజ్ రాణి కేసులో ఒక మైనర్ నటి తరఫున ఆమె తండ్రి నిర్మాతతో ఒప్పందం కుదుర్చుకున్నాడు. నిర్మాత ఆ పాత్రను మరొకరికి ఇచ్చేశాడు. నష్టపరిహారం కోసం ఆమె వేసిన దావా ఓడిపోయింది. ఒప్పందం ఆమెతోనే జరిగిందనుకుంటే అది శూన్యం, తండ్రితో జరిగిందనుకుంటే మైనర్ ఇచ్చిన మాట చట్టరీత్యా ప్రతిఫలం (ఒప్పందానికి బదులుగా ఇచ్చేది) కాదు గనుక అదీ నిలవదు అని న్యాయస్థానం భావించింది. పిల్లల్ని కాపాడడానికి పుట్టిన సూత్రమే కష్టపడి పనిచేసిన పిల్లకు కోర్టు తలుపు మూసేయడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. మీకు దీనివల్ల కలిగే ఇబ్బంది ఏమిటంటే, ఏజెన్సీ వద్ద అమ్మాయి సొమ్ము బకాయి ఉంటే దాన్ని ఒప్పందం షరతుల ఆధారంగా కోరడం కష్టం. ఆమెకు చెందాల్సిన డబ్బును వాళ్లు తమ దగ్గర ఉంచేసుకున్నారనే ప్రాతిపదికన లెక్కలు అడగాలి. మైనర్‌గా ఉన్నప్పటి బకాయిల విషయంలో దావా వేసే గడువులను నిర్ణయించే 1963 నాటి లిమిటేషన్ చట్టం 6, 8 సెక్షన్లు ఆమెకు మేజర్ అయిన నాటి నుంచి సాధారణంగా మూడేళ్ల వ్యవధినిస్తాయి. ఒప్పందం చెల్లదని ఒకవైపు అంటూనే మరోవైపు దాని కిందే వాటా సొమ్ము తీసుకుంటూ పోతే మీ వాదన మీరే బలహీనపరచుకున్నట్టవుతుంది.

ఇక మీ సంగతి. నిజం చెప్పాలంటే నన్ను కలవరపెట్టింది అమ్మాయి పరిస్థితి కాదు, మీ సంతకం. నష్టం భరిస్తానన్న షరతుకు ఒప్పుకుని సంతకం చేసిన మీరు మేజర్. అమ్మాయిపై ఒప్పందం చెల్లకపోయినా, పూచీ ఉన్న మీరు విడిగా బాధ్యులేనని ఏజెన్సీ వాదిస్తుంది, ఆ వాదనను తేలిగ్గా తీసుకోకూడదు. మీకు రెండు సమాధానాలున్నాయి. అసలు బాధ్యతే పుట్టనప్పుడు దాన్ని తప్పారన్న ప్రశ్న రాదన్నది మొదటిది. 25 లక్షల నష్టం నిజంగా జరిగిందని, మీకు చెప్పిన అంకె ఊహ కాదని రుజువు చేయాల్సింది వాళ్లేనన్నది రెండోది. ఒప్పందంలో అంకె ముందే రాసుకున్నా, కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ కింద న్యాయస్థానం సమంజసమైన మొత్తాన్నే ఇప్పిస్తుంది. నోటీసుకు గడువులోగా ఈ అంశాలన్నీ పెట్టి జవాబు పంపండి. సినిమా షూటింగ్ ఆపించేందుకు వాళ్లు ఏకపక్షంగా నిషేధ ఉత్తర్వు తెచ్చుకోకుండా సంబంధిత కోర్టులో కేవియట్ (మా మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వవద్దని ముందే పెట్టుకునే అర్జీ) కూడా వేయండి. దాఖలు చేసిన నాటి నుంచి 90 రోజులు అది అమల్లో ఉంటుంది.

ఒప్పందం చెల్లుతుందనే అనుకుందాం. అప్పుడైనా సినిమాలో నటించకుండా ఆపగలరా? ఆమె చేత బలవంతంగా ఏజెన్సీ పని చేయించమని ఏ న్యాయస్థానమూ ఆదేశించదు. వ్యక్తి ప్రతిభ మీద ఆధారపడిన ఒప్పందాన్ని 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 14వ సెక్షన్ కింద అలా అమలు చేయరు. గడువు నడుస్తున్నంతకాలం వేరొకరికి పనిచేయకూడదన్న షరతుకు మాత్రం కొన్ని సందర్భాల్లో 42వ సెక్షన్ కింద ఇంజంక్షన్ (నిషేధ ఉత్తర్వు) దొరకవచ్చు. గడువు తర్వాతి రెండేళ్ల ఆంక్ష మాత్రం, వృత్తి చేసుకోకుండా అడ్డుకునే ఒప్పందాలు చెల్లవనే కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ముందు నిలవదు. క్రికెటర్ జహీర్ ఖాన్‌పై ఆయన పాత ఏజెన్సీ వేసిన కేసులో, ఒప్పందం ముగిశాక కూడా తమకే మొదటి అవకాశం ఇవ్వాలన్న షరతు చెల్లదని సుప్రీంకోర్టు 2006లో స్పష్టం చేసింది.

ఛానెల్ విషయం అంత సూటిగా లేదు. అమ్మాయి తన ఫోన్‌తో, తన ఆలోచనతో తీసిన వీడియోలకు 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం తొలి హక్కుదారు ఆమే. ఆ హక్కు బదిలీ కావాలంటే రాతపూర్వకమైన, సంతకం ఉన్న పత్రం కావాలి, మైనర్ చేసిన బదిలీకి పైన చెప్పిన దోషమే ఉంటుంది. కానీ ఏజెన్సీ సొంత ఖర్చుతో, సొంత బాధ్యత మీద తీసిన వీడియోలకు వాళ్లే నిర్మాతలని చెప్పుకునే వీలుంది. అందువల్ల వీడియోలను విడివిడిగా చూసి, ఎవరు ఎప్పుడు ఏ ఖర్చుతో తీశారో పట్టిక రాసుకోండి. ఖాతా మీ ఈమెయిల్‌తో తెరిచి ఉంటే, ముందుగా ఆదాయ నివేదికలు, పాత మెసేజ్‌లు దించుకుని భద్రపరచి, ఆ తర్వాతే ఏజెన్సీకి ఇచ్చిన ప్రవేశాన్ని తొలగించండి. వీడియోలేవీ చెరిపేయకండి, చెరిపితే సాక్ష్యం నాశనం చేశారన్న ఆరోపణ వస్తుంది.

ఆదాయపు పన్ను గురించి ఒక్క మాట. మైనర్ తన నైపుణ్యంతో, ప్రతిభతో సంపాదించిన సొమ్మును తల్లిదండ్రుల ఆదాయంలో కలపరు, అది ఆమె పేరనే చూపాలి. ఆ సొమ్ము మీద 18 ఏళ్లు నిండకముందు వచ్చిన వడ్డీని మాత్రం కలుపుతారు.

సినిమా ఒప్పందం మీద సంతకం ఆమె స్వయంగా చేస్తుంది, కాబట్టి ఇక ‘చిన్నపిల్ల’ అన్న రక్షణ ఉండదు. నటన సినిమాలో భాగం కావడానికి రాతపూర్వకంగా ఒప్పుకున్నాక, నిర్మాత దాన్ని వాడుకోవడాన్ని సాధారణంగా అడ్డుకోలేరు. అందుకే ఏమి ఒప్పుకుంటున్నారో ముందే తేలాలి. పారితోషికం ఏ దశలో ఎంత అందుతుందో తేదీలతో ఉండాలి. సన్నిహిత సన్నివేశాలు, డూప్ వాడకం ఆమె ముందస్తు లిఖిత అనుమతితోనే జరగాలి. ఆమె ముఖాన్నీ గొంతునూ కృత్రిమ మేధతో మళ్లీ సృష్టించే హక్కు నిర్మాతకు లేదని స్పష్టంగా రాయించండి. సినిమా ప్రచారానికి ఆమె ఛానెల్‌లో ఎన్ని పోస్టులు పెట్టాలో సంఖ్య వేయించండి, లేకపోతే ‘ప్రచారానికి సహకరించాలి’ అన్న ఒక్క వాక్యం ఛానెల్ మొత్తాన్ని వాళ్ల చేతుల్లో పెడుతుంది. యూనిట్‌లో లైంగిక వేధింపుల ఫిర్యాదులు స్వీకరించే అంతర్గత కమిటీ ఉందో లేదో 2013 చట్టం పేరు చెప్పి అడగండి. పాత ఏజెన్సీతో వివాదం ఉన్నదన్న సంగతి నిర్మాతకు రాతపూర్వకంగా తెలియజేయండి. ‘నాపై ఏ ఇతర ఒప్పందమూ లేదు’ అన్న హామీ షరతు కింద అమ్మాయి చేత సంతకం చేయించే ముందు, నోటీసు వివరాన్ని ఆ షరతులోనే మినహాయింపుగా చేర్పించండి.